మిసెల్ ఏ ఆకారంలో ఏర్పడుతుందో లెక్కగట్టడం ఎలా?

సబ్బులాంటి పదార్థాలను సర్ఫాక్టెంట్లు అంటారు. వీటి అణువుకు నీటిని ఇష్టపడే తల, నీటికి దూరంగా పోయే కార్బన్ గొలుసు తోక ఉంటాయి. ఈ అణువులు నీళ్లలో గుంపు కట్టినప్పుడు తోకలు లోపలికి, తలలు బయటికి తిరుగుతాయి. ఆ గుంపే మిసెల్. అది గుండ్రంగా ఉంటుందా, కడ్డీలా సాగుతుందా అన్నది కాగితం మీదే తేల్చవచ్చు. సబ్బుపొడుల్లోనూ షాంపూల్లోనూ వాడే సోడియం డోడెసిల్ సల్ఫేట్‌తో చేసి చూద్దాం.

1. ముందు గాఢత చూసుకోండి. ఈ పదార్థం 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటికి సుమారు 8 మిల్లీమోల్స్ దాటితేనే మిసెల్స్ కడుతుంది. అంతకు తక్కువైతే అణువులు విడివిడిగానే తిరుగుతాయి, లెక్కతో పనిలేదు.

2. తోక కొలతలు తీయండి. శాస్త్రవేత్త చార్లెస్ టాన్‌ఫర్డ్ సూత్రాల ప్రకారం, పొడవు నానోమీటర్లలో, ఘనపరిమాణం ఘన నానోమీటర్లలో:
పొడవు = 0.15 + 0.1265 × కార్బన్ల సంఖ్య
ఘనపరిమాణం = 0.0274 + 0.0269 × కార్బన్ల సంఖ్య
మన తోకలో 12 కార్బన్లు. కాబట్టి పొడవు 1.67, ఘనపరిమాణం 0.35.

3. తల ఆక్రమించే వైశాల్యం తీసుకోండి. చిక్కంతా ఇక్కడే. ఇది తల అసలు సైజు కాదు. పక్క తలలు ఒకదాన్నొకటి నెట్టుకోగా మిగిలిన చోటు. ఉప్పు లేని నీటిలో సుమారు 0.62 చదరపు నానోమీటర్లు అనుకోండి.

4. ఘనపరిమాణాన్ని, వైశాల్యం × పొడవుతో భాగించండి. 0.34 వస్తుంది. దీన్నే ప్యాకింగ్ పారామీటర్ అంటారు.

5. హద్దులతో పోల్చండి. 1/3 వరకు గోళం, 1/2 వరకు కడ్డీ, ఆపైన 1 దాకా రెండు వరుసల పొర. 1 దాటితే తలలు లోపలికి పోయి మిసెల్ తిరగబడుతుంది.

గోళానికి 1/3 ఎందుకంటే, దాని వ్యాసార్థం = 3 × ఘనపరిమాణం ÷ వైశాల్యం. మధ్యలో ఖాళీ ఉండకూడదు గనక వ్యాసార్థం తోక పొడవును మించలేదు. మన 0.34 సరిగ్గా గట్టు మీద ఉంది: ఇంచుమించు గోళమే, కాస్త సాగిందంతే. 1.67 వ్యాసార్థమున్న గోళంలో 56 తోకలు పడతాయి. ప్రయోగాల్లో కనిపించేది 60కి అటూ ఇటూ. ఇంత మోటు లెక్కకు ఇది చాలా దగ్గర.

ఇప్పుడు 12 బదులు 16 కార్బన్లు వేసి చూడండి. పొడవు, ఘనపరిమాణం దాదాపు ఒకే పాళ్లలో పెరుగుతాయి కనుక పారామీటర్ కదలదు. మిసెల్ పెద్దదవుతుంది, తక్కువ గాఢతలోనే కడుతుంది, ఆకారం మాత్రం మారదు. ఆకారం మారాలంటే తలను కదపాలి: ఉప్పు వేస్తే తలల మధ్య వికర్షణ తగ్గి వైశాల్యం కుంచించుకుపోతుంది, గోళాలు కడ్డీలుగా సాగుతాయి. లేదా ఒకే తలకు రెండు తోకలుండాలి. అప్పుడు 0.34 కాస్తా 0.68 అయి, పొర కడుతుంది. కణత్వచంలోని ఫాస్ఫోలిపిడ్లు ఇలా రెండు తోకలవే.