పెల్లెట్ గ్రిల్‌కు చెమ్మ పట్టిందా? సమస్య - పరిష్కారం

ముందు హాపర్‌లోంచి (పెల్లెట్లు పోసే డబ్బా) ఒక పెల్లెట్ (ఈ గ్రిల్‌లో మండే చెక్క గుళిక) తీసి విరవండి. టక్కున విరిగితే మంచిదే. మెత్తగా పొడి రాలితే హాపర్ మొత్తం ఖాళీ చేయాల్సిందే. ఇది చూడకుండానే కొత్త కంట్రోలర్ (గ్రిల్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు) ఆర్డర్ పెట్టేస్తుంటారు!

మోటారు మూలుగుతోంది, పెల్లెట్లు పడట్లేదు

విరిచి చూసిన పెల్లెట్ బాగానే ఉంది కదా అనుకోకండి. అది హాపర్‌లోది. ఆగర్ (పెల్లెట్లను మంట దగ్గరికి తోసే మర) గొట్టంలో ఉన్నవి పోయినసారి వండినప్పటివి. హాపర్ ఖాళీ చేసినా అవి అక్కడే ఉంటాయి. గొట్టం రెండో కొస ఫైర్ పాట్‌లోకి (పెల్లెట్లు మండే గిన్నె) తెరిచే ఉంటుంది కాబట్టి చెమ్మ అటు నుంచీ ఎక్కుతుంది. అమెరికాలోని హ్యూస్టన్ లాంటి ఉక్క ఊళ్లలో కవర్ కప్పినా ఆగదు. గ్రిల్ వేడిగా ఉండగా కప్పితే మరీ నష్టం. పెల్లెట్ అంటే ఒత్తిన రంపపు పొట్టే. తడి తగిలితే ఉబ్బుతుంది, ఆరాక సిమెంటులా బిగుస్తుంది.

ప్లగ్ పీకండి. హాపర్ ఖాళీ చేసి, జాలీలు, డ్రిప్ ట్రే, దాని కింది రేకు తీయండి. మోటారును ఆగర్‌కు కలిపే పిన్ తీసి, ఆగర్ బుషింగ్ (ఆగర్‌ను పట్టి ఉంచే వలయం) స్క్రూ విప్పండి. ఆగర్ కాడను రెంచ్‌తో పట్టి అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పండి. కదలకపోతే ఫైర్ పాట్ వైపు నుంచి గట్టి కర్ర ఆనించి మెల్లగా కొట్టండి. నీళ్లు పోయొద్దు, ఇంకా బిగుస్తుంది. ఆగర్ బయటికి వచ్చాక గొట్టం గీకి, 80 నంబర్ శాండ్ పేపర్‌తో రుద్దండి. నూనె రాయొద్దు, పొట్టు అంటుకుంటుంది. పిన్ విరిగి ఉంటే అదే రకం వేయండి. గట్టి బోల్టు వేస్తే ఈసారి విరిగేది గేర్‌బాక్సే.

కొన్ని వారాలు వాడరనుకుంటే హాపర్ ఖాళీ చేసి, పెల్లెట్లు పడటం ఆగేదాకా ఆగర్ తిప్పండి. ఫైర్ పాట్‌లో పోగైనవి తీసేయండి, లేకపోతే తర్వాత వెలిగించినప్పుడు భగ్గుమంటుంది.

అవుట్‌లెట్ ట్రిప్ అవుతోంది (ప్లగ్ పాయింటులో కరెంటు దానంతటదే తెగిపోతోంది)

ప్లగ్ తీసి హాట్ రాడ్ (పెల్లెట్లను వెలిగించే కడ్డీ) కనెక్టర్ విడదీయండి. మళ్లీ ప్లగ్ పెట్టి ఆన్ చేస్తే ట్రిప్ కాలేదా, రాడ్‌దే తప్పు. మార్చండి.

ఫైర్ పాట్ తుప్పు

బూడిద తేమను పట్టి ఉంచుతుంది. రెండు మూడు వంటలకోసారి, పూర్తిగా చల్లారాక షాప్ వ్యాక్‌తో (వర్క్‌షాపు వ్యాక్యూమ్ క్లీనర్) లాగేయండి. చిల్లు పడితే కొత్తదే.

బయట పొక్కులు

వైర్ బ్రష్, తర్వాత 80, 220 శాండ్ పేపర్లు, అసిటోన్‌తో తుడుపు, ఆపైన హై హీట్ పెయింట్ రెండు పూతలు. లోపల పెయింట్ వద్దు. వంటనూనె పల్చగా రాసి 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో గంట నడపండి. మూత లోపల రాలే నల్ల పొలుసులు చాలాసార్లు మాడిన కొవ్వే, గీకేయండి.

కంట్రోలర్ బోర్డు, ఫ్యాన్ పోవడం అరుదు. ఇవన్నీ చూశాకే అటు వెళ్లండి.