జిగ్‌తో సాన: కత్తికీ గొడ్డలికీ

ఎన్నో ఏళ్లు చేతి అంచనాతోనే సాన పట్టాను. పదును వచ్చేది, కానీ పట్టిన ప్రతిసారీ వాలు మారేది, అందుకే మంచి కత్తులు ఊరికే అరిగిపోయాయి. జిగ్ అంటే కత్తిని బిగించి పట్టుకునే పట్టు. అది చేసే పని ఒక్కటే: కోణాన్ని కదలనివ్వదు. మిగతాదంతా మన కన్ను, వేలు చూసుకోవాలి.

నేను వాడేది నీళ్లలో మునిగి నిమిషానికి 90 చుట్ల దరిదాపుల్లో తిరిగే రాయి. నిమిషానికి 2,800 చుట్లు తిరిగే పొడి రాయి మీద పలచని వాదర (పదునైన అంచు) క్షణాల్లో నీలం రంగుకు తిరుగుతుంది. నీలం కనిపించిందంటే అక్కడ ఉక్కు పాణం, అంటే గట్టిదనం, పోయినట్టే. ఆ మేరకు అరగదీయడం తప్ప దారి లేదు.

కోణాన్ని మూడు విషయాలు నిర్ణయిస్తాయి: జిగ్ నుంచి కత్తి ఎంత బయటికి వచ్చింది, జిగ్ ఆనే ఆధార కడ్డీ రాయికి ఎంత దూరంలో ఉంది, రాయి వ్యాసం ఎంత. రాయి అరుగుతూ ఉంటుంది కాబట్టి పోయిన నెల అమరికను నమ్మకండి. వాలు (వాదర పక్కనున్న ఏటవాలు ముఖం) మీద మార్కర్‌తో నల్లగా పూసి, కత్తిని రాయికి ఆనించి, మిషన్ ఆన్ చేయకుండా రాయిని చేత్తో కొంచెం తిప్పండి. సిరా వాదర దగ్గరే చెరిగితే కోణం ఎక్కువైంది, కడ్డీని రాయికి దగ్గర చేయండి. వాలు పైభాగంలోనే, అంటే వెన్ను వైపే, చెరిగితే దూరం జరపండి. వంటింటి కత్తికి పక్కకు 15 డిగ్రీలు, కట్టెలు చీల్చే గొడ్డలికి రెండు పక్కలా కలిపి 35 నుంచి 40 డిగ్రీలు నా లెక్క.

కత్తిని బిగించేటప్పుడు వాదర తిన్నగా ఉన్న భాగం మధ్యలో జిగ్ పడాలి. మొన వైపు వంపు మొదలవగానే పిడిని మెల్లగా ఎత్తుతూ రండి. మొన రాయి మధ్యకు చేరగానే కత్తిని పైకి తీసేయాలి. అంచు దాటేదాకా లాగితే మొన గుండ్రబడుతుంది. నాకెంతో ఇష్టమైన కత్తి ఒకటి అలాగే బొటనవేలి ఆకారానికి వచ్చింది!

ఇక రెండో పక్కకు ఎప్పుడు తిప్పాలి? బొటనవేలిని వెన్ను నుంచి వాదర వైపు అడ్డంగా జరపండి, వాదర వెంట పొడవుగా మాత్రం వద్దు. రాయికి తగలని పక్క సన్నటి గరుకు పొర వేలికి తగులుతుంది. అది మడమ (పిడి దగ్గరి కొస) నుంచి మొన దాకా ఎక్కడా తెగకుండా ఉండాలి. రెండంగుళాల మేర లేకపోయినా అక్కడ పదును రాలేదన్నమాటే. తొందరపడి తిప్పేవాళ్లు చెడగొట్టుకునేది ఇక్కడే.

గొడ్డలి జిగ్ వేరు, తల బరువు కాబట్టి జిగ్ స్క్రూ బాగా బిగించాలి. వాదర వంపును అనుసరించి అటూ ఇటూ ఊపుతూ పట్టండి. చేయి దిశ మార్చే చోట క్షణం ఆగుతుంది కాబట్టి మూలలు త్వరగా అరుగుతాయి. అందుకే మధ్యలో కాస్త ఎక్కువసేపు ఉంచి, మూలల దగ్గర ఒత్తిడి తగ్గిస్తాను.

చివరగా మెరుగు పేస్టు పూసిన తోలు చక్రం మీద అదే కోణంలో పొర తీసేయాలి. చక్రం తప్పనిసరిగా వాదర నుంచి బయటికి తిరగాలి. ఎదురు పెడితే వాదర తోలులో దిగి కత్తిని విసిరేస్తుంది.

నీళ్ల తొట్టిని ఆ రోజే కడిగేయండి. ఆలస్యమైతే ఉక్కు పొడి, రాతి బురద కలిసి అడుగున గట్టిపడతాయి, గీకడానికి మరో పనిముట్టు వెతుక్కోవాలి.