విండోస్ తీసేయకుండానే లినక్స్ పెట్టుకోవడం ఎలా

లినక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. దానికి మారాలనుకుంటున్నామని అడిగేవాళ్లకు నేను మొదట చెప్పేది ఒకటే. విండోస్ తీసేయకండి, పక్కనే లినక్స్ పెట్టుకోండి. ఏ పనికి ఏది కావాలో మీ పనే తేలుస్తుంది. నా లాప్‌టాప్‌లో రాతపని, బ్రౌజింగ్ అంతా లినక్స్ రకాల్లో ఒకటైన మింట్‌లోనే. మాక్రోలు నిండిన ఆఫీసు ఎక్సెల్ షీట్ కోసం మాత్రం విండోస్‌లోకి వెళ్తాను.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి. అది లేని పాత మెషీన్లు ఉన్నవాళ్లు ఇప్పుడు ఎక్కువగా అడుగుతున్నారు. శుభ్రంగా పనిచేసే లాప్‌టాప్‌ని మూలన పడేయడానికి నాకు మనసొప్పదు.

ఆపరేటింగ్ సిస్టమ్ జోలికి అప్పుడే పోవద్దు. ముందు విండోస్‌లోనే లిబ్రెఆఫీస్ (వర్డ్, ఎక్సెల్ లాంటి పనులకు), ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, వీడియోలకు వీఎల్‌సీ వేసుకుని కొన్ని వారాలు వాటితోనే పని నడపండి. ఇవే లినక్స్‌లోనూ ఉంటాయి కాబట్టి అక్కడికి వెళ్లాక తడబాటు ఉండదు. ఈలోపు ఏ ప్రోగ్రామ్ లేకపోతే పని ఆగిపోతోందో కాగితం మీద రాసుకోండి. ఫోటోషాప్ లాంటివి అందులో ఉంటే, వాటి కోసం విండోస్ ఉంచుకోవాల్సిందే.

లినక్స్‌లో వర్డ్ ఫైల్ తెరిస్తే లైన్లు జరిగిపోయాయని చాలామంది లిబ్రెఆఫీస్‌ని తిడతారు. చాలాసార్లు తప్పు ఫాంట్‌ది. కాలిబ్రి మైక్రోసాఫ్ట్‌ది, లినక్స్‌తో పాటు రాదు. దాని బదులు వేరే ఫాంట్ పడితే అక్షరాల వెడల్పు మారి, లైన్లు ఎక్కడంటే అక్కడ విరిగి, చివరి పేరా పక్క పేజీకి పోతుంది. కార్లిటో అనే ఉచిత ఫాంట్‌లో ప్రతి అక్షరం వెడల్పూ కాలిబ్రితో సమానం. అది వేసుకుంటే లైన్లు మళ్లీ సర్దుకుంటాయి. ఈ ఒక్క ఫాంట్ వేశాక లినక్స్ మీద మనసు మార్చుకున్నవాళ్లను చూశాను.

తర్వాత 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ముందే ఖాళీ చేసుకోండి. మింట్ గానీ, ఉబుంటు అనే మరో లినక్స్ రకం గానీ వాళ్ల అధికారిక సైట్ నుంచే దించుకుని, రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. లాప్‌టాప్ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కి (ఎఫ్12 లేదా ఎస్కేప్, కంపెనీని బట్టి మారుతుంది) పెన్‌డ్రైవ్‌ని ఎంచుకుంటే, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడుస్తుంది. వైఫై, సౌండ్, ప్రింటర్ చూడండి. మూత మూసి తెరిస్తే మేలుకుంటోందా అన్నది తప్పకుండా చూడండి.

అంతా బాగుంటే ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి బ్యాకప్ తీయండి. ఇది చేయకుండా ముందుకెళ్లకండి. తర్వాత విండోస్‌లో చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది బిట్‌లాకర్, అంటే డిస్క్‌లో ఉన్నదాన్ని కీ లేకుండా చదవలేకుండా తాళం వేసే (ఎన్‌క్రిప్షన్) విండోస్ ఏర్పాటు. చాలా కొత్త లాప్‌టాప్‌లలో మనం అడగకుండానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటుంది. బూట్ సెట్టింగులు కదిపితే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది దగ్గర లేకపోతే మీ ఫైళ్లు మీకే అందవు, అందుకే ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

రెండోది ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉన్నంతకాలం షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో ఫైలు సేవ్ చేయాలంటే కుదరకపోవచ్చు, బలవంతంగా రాస్తే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి ఆపేయండి.

సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లతోనే మెషీన్‌ని ఆన్ కానిచ్చే ఏర్పాటు) కూడా ఆపేయమని పాత గైడ్లు చెబుతాయి. మింట్‌కీ ఉబుంటుకీ మామూలుగా ఆ అవసరం లేదు. వాటిని బూట్ చేసే షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్‌కి మైక్రోసాఫ్టే డిజిటల్ సంతకం చేస్తుంది. 2001లో లినక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చింది ఆ కంపెనీ అప్పటి సీఈఓ స్టీవ్ బామరే. 2019లో విండోస్ లోపలే లినక్స్ కెర్నల్ (దాని గుండెకాయ లాంటి భాగం) నడిపే ఏర్పాటు ప్రకటించిందీ ఆ కంపెనీయే. ఈ రెండూ ఒకే డిస్క్‌లో ఇమడవేమోనని టెన్షన్ పడేవాళ్లకు నేను ఇదే గుర్తుచేస్తాను.

ఇక చోటు చేయాలి. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ని ష్రింక్ చేసి (కుదించి) 50 జీబీ దాకా ఖాళీ వదలండి. ఈ పని విండోస్‌తోనే చేయించడం క్షేమం. మళ్లీ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, ఇన్‌స్టాలర్‌లో విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్ ఎంచుకోండి. డిస్క్ మొత్తం చెరిపేసే ఆప్షన్ కూడా అక్కడే ఉంటుంది, కాబట్టి నిదానంగా చదివి నొక్కండి. పక్కన పెట్టే ఆప్షన్ కనిపించకపోతే అక్కడితో ఆగి, బిట్‌లాకర్ సంగతి మళ్లీ చూడండి.

ఇకమీదట ఆన్ చేయగానే గ్రబ్ మెనూ వచ్చి ఏది కావాలో అడుగుతుంది. పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత ఆ మెనూ రాకుండా నేరుగా విండోస్ తెరుచుకుంటే కంగారు పడకండి, లినక్స్ ఎక్కడికీ పోలేదు. బయోస్ (విండోస్ కంటే ముందే మెషీన్‌ని లేపే ప్రోగ్రామ్) సెట్టింగుల్లో బూట్ ఆర్డర్ తెరిచి లినక్స్‌ని మళ్లీ పైకి జరిపితే చాలు.