ఎల్లో ఫీవర్ టీకా, ఎల్లో కార్డు: శ్రీకాకుళం నుంచి వెళ్లేవారికి

ఎల్లో ఫీవర్ అంటే ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల్లో దోమల వల్ల వచ్చే వైరస్ జబ్బు. దాని టీకా వేయించుకున్నట్టు ఇచ్చే అంతర్జాతీయ ధ్రువపత్రమే ఎల్లో కార్డు. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి ఓడల మీద పనికి వెళ్లే కుర్రాళ్లకు, ఆఫ్రికా ప్రాజెక్టులకు వెళ్లే వెల్డర్లకు కొందరు ఏజెంట్లు చెప్పే మాట ఒకటుంది: "కార్డుకి పదేళ్లు దాటిపోయాయి, మళ్లీ వేయించుకో." దయచేసి ఆ మాట నమ్మి డబ్బు కట్టకండి. ఆరోగ్యంగా ఉన్నవారికి ఈ టీకా ఒక్క డోసు చాలని, రక్షణ జీవితాంతం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2013లోనే తేల్చారు. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు కూడా మారి, 2016 జులై 11 నుంచి కార్డు జీవితాంతం చెల్లుతోంది. పాత కార్డు మీద పదేళ్ల గడువు రాసి ఉన్నా ఇదే వర్తిస్తుంది, తేదీ మార్పించక్కర్లేదు. మీరే పెన్నుతో దిద్దితే మాత్రం కార్డు చెల్లకుండా పోవచ్చు.

మొదటిసారి వేయించుకునేవారికి ఊళ్లో పీహెచ్‌సీలో ఈ టీకా దొరకదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. మనకు దగ్గరది విశాఖపట్నంలోని పోర్ట్ హెల్త్ ఆఫీసు. పలాస నుంచో ఆమదాలవలస నుంచో రైలెక్కే ముందే అపాయింట్‌మెంట్ ఖాయం చేసుకోండి. ఒక్కో సీసాలో చాలా డోసులుంటాయి, మందు కలిపాక కొన్ని గంటల్లోనే వాడేయాలి. చెప్పకుండా వెళితే తిరిగి రావాల్సి రావచ్చు. ఒరిజినల్ పాస్‌పోర్ట్, దాని జిరాక్స్ తీసుకెళ్లండి. ఫీజు ఎంతో, ఎలా కట్టాలో అప్పుడే అడగండి.

డాక్టర్ దగ్గర ఏదీ దాచొద్దు. ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. గుడ్డు తింటే తీవ్రమైన ఎలర్జీ వచ్చేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, అరవై దాటినవారు ముందే చెప్పాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం వాళ్లకు ఇంకో మాట: కిడ్నీ మార్పిడి జరిగి మందులు వాడుతున్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా ఆ చీటీలన్నీ చూపించండి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి ఈ టీకా ప్రమాదం.

కార్డు చేతికి రాగానే అక్కడే నిలబడి చూసుకోండి. పేరు, పాస్‌పోర్ట్ నంబరు, టీకా తేదీ, బ్యాచ్ నంబరు, డాక్టర్ సంతకం, ముద్ర అన్నీ ఉండాలి. టీకా వేసిన పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. ఒకటో తేదీన వేయించుకుంటే పదకొండు నుంచి. టికెట్ ఆ లెక్కన తీసుకుంటే చివర్లో టెన్షన్ ఉండదు.

వచ్చేటప్పుడు కూడా ఒరిజినల్ కార్డు దగ్గరుండాలి. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి కార్డు లేకుండా దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మన దేశంలో ఆ జబ్బు లేదు గానీ దాన్ని మోసే దోమ ఉంది, అందుకే అంత గట్టిగా చూస్తారు. పాస్‌పోర్ట్ రెన్యూవల్ అయితే కార్డు మీద పాత నంబరే ఉంటుంది కాబట్టి, పాత పాస్‌పోర్ట్ కూడా వెంట ఉంచుకోండి.