బ్రిడ్జ్‌లో స్లామ్ బిడ్ చేయడం ఎలా? అడిగే ముందు చూసుకోవాల్సినవి

విశాఖ లాసన్స్ బే కాలనీలో మేం బ్రిడ్జ్ పేకాట ఆడే బాల్కనీలో సముద్రపు గాలి ఎక్కువ. స్కోరు కాగితం మీద గులకరాయి పెట్టకపోతే ఎగిరిపోతుంది. అక్కడే ఓ ఆదివారం నేను ఆరు ఇస్పేట్లు బిడ్ చేశాను, అంటే ఇస్పేట్లు తురుపుగా స్లామ్ చేస్తామని ముందే మాటిచ్చాను. ఎడమ పక్కాయన డైమను ఆసు వేశాడు, వెంటనే రాజు వేశాడు. స్లామ్ అంటే ఆరు లేదా ఏడు బిడ్ చేయడం. ఆరంటే పదమూడు ట్రిక్కుల్లో (పట్లలో) పన్నెండు, ఏడంటే మొత్తం పదమూడూ. నాకు పోగొట్టుకోడానికి ఉన్నది ఒక్కటే. ఎదురుగా ఉన్న నా పార్ట్‌నర్ మావయ్యగారు ఏమీ అనలేదు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఆరు అనే ముందు నేను నాలుగు నో ట్రంప్ అన్నాను. మామూలుగా నో ట్రంప్ అంటే తురుపు లేని ఆట, కానీ ఇక్కడ అది పార్ట్‌నర్‌ని ఆసులెన్ని అని అడగడం. ఒకటి తక్కువని తేలింది. కానీ నా చేతిలో డైమన్లు రెండే, 7, 3. లేని ఆసు ఆ రంగుదేనేమో అని ఆలోచించలేదు.

కాబట్టి మొదటి పని: తురుపు ఖాయం చేసుకుని, ఇద్దరి పాయింట్లూ (ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1) అంచనా వేయండి. నో ట్రంప్‌లో ఆరుకి దాదాపు 33 పాయింట్లు కావాలి. తురుపు బాగా కుదిరి, ఏదో రంగులో ఒకటే ముక్క ఉంటే అంతకన్నా తక్కువైనా నడుస్తుంది.

రెండోది, అందరూ దాటేసేది. ఏదైనా రంగులో రెండు చిన్న ముక్కలే ఉన్నా, అసలు ముక్కే లేకపోయినా ఆసులు అడక్కండి. మొదటి దాంట్లో నాలాగే అవుతుంది. రెండో దాంట్లో పార్ట్‌నర్ చెప్పిన ఆసు ఆ ఖాళీ రంగుదైతే పెద్దగా పనికిరాదు. అప్పుడు క్యూ బిడ్డే దారి, అంటే ఏ రంగులో బలం ఉందో బిడ్‌తోనే చెప్పడం. మూడు ఇస్పేట్ల దగ్గర తురుపు ఖాయమయ్యాక నేను నాలుగు కళావర్లు అనాల్సింది. అంటే కళావరు ఆసు ఉంది, లేదా ఆ రంగే లేదు అని. మావయ్యగారు డైమను దాటేసి నాలుగు ఆఠీన్లు అనేవారు. దాటేశారంటే డైమన్లో ఆయనకీ ఏమీ లేదనే. నాలుగు ఇస్పేట్లతో హాయిగా ఆగిపోయేవాళ్లం.

ఆ బెడద లేనప్పుడే నాలుగు నో ట్రంప్. 1933లో అమెరికా ఆటగాడు ఈస్లీ బ్లాక్‌వుడ్ తెచ్చిన పద్ధతిలో ఆసులే లెక్క. ఇప్పుడు చాలామంది తురుపు రాజునీ కలిపి ఐదు కీ కార్డులు లెక్కేస్తారు. మేం ఇచ్చే జవాబులివి:

ఐదు కళావర్లు: ఒకటి లేదా నాలుగు
ఐదు డైమన్లు: సున్నా లేదా మూడు
ఐదు ఆఠీన్లు: రెండు, తురుపు రాణి లేదు
ఐదు ఇస్పేట్లు: రెండు, రాణి కూడా ఉంది

మొదటి రెండింటినీ తారుమారుగా ఆడేవాళ్లూ ఉన్నారు, కూర్చునే ముందే మాట్లాడుకోండి.

ఈ చేయి చూడండి. ఇస్పేటు ఆసు, రాణి, జాకీ, 8, 6, ఆఠీను 7, డైమను రాజు, రాణి, జాకీ, 4, కళావరు ఆసు, రాణి, 5. మీరు ఒక ఇస్పేటు అంటే పార్ట్‌నర్ మూడుకి పెంచారు. మీ దగ్గర రెండు కీ కార్డులు. జవాబు ఐదు ఆఠీన్లైతే తక్కువైంది ఒకటే, ఆరు బిడ్ చేయండి. ఐదు కళావర్లైతే రెండు తక్కువ, ఐదు ఇస్పేట్ల దగ్గర ఆగండి. కళావర్లే తురుపైతే జవాబే ఐదు కళావర్లు దాటిపోయి ఆగే చోటు లేకుండా పోవచ్చు. అక్కడ నేనైతే అడగను.

పార్ట్‌నర్ ఒక నో ట్రంప్‌తో మొదలుపెడితే ఆసులు అడగడానికి నాలుగు కళావర్లు వాడతారు. దాన్ని గెర్బర్ అంటారు.

ఆరు గెలిస్తే బోనస్ 500, వల్నరబుల్‌గా (బోనసులూ జరిమానాలూ పెరిగే స్థితిలో) ఉంటే 750. ఏడుకి 1000, 1500. ఐదు కీ కార్డులూ, తురుపు రాణీ మీ ఇద్దరి దగ్గరే ఉన్నాయని తేలితే ఐదు నో ట్రంప్ అని రాజుల సంగతి అడగొచ్చు. మావయ్యగారు మాత్రం నన్ను ఇంకా ఏడు దాకా వెళ్లనివ్వడం లేదు.