ఇటలీ యాత్ర మనమే వేసుకుందాం – 4వ పాఠం: పూటల లెక్క

పోయిన పాఠంలో బసలు తేల్చుకున్నాం. రోమ్‌లో నాలుగు రాత్రులు, ఫ్లోరెన్స్‌లో నాలుగు, వెనిస్‌లో రెండు. అభ్యాసం చేసి ఉంటే ఈపాటికి మీ కాగితం మీద ఫ్లోరెన్స్ దగ్గర చిక్కు పడే ఉంటుంది. ఊళ్లో చూడాల్సినవి ఓ పది రాసుకుని ఉంటారు. పక్కనే పీసా, లూకా, సియెనా, సాన్ జిమిన్యానో, బొలోన్యా, చింక్వే తెర్రె. చేతిలో ఉన్నవి మూడు నిండు రోజులు.

రోజుల్లో లెక్కేస్తే ఈ చిక్కు విడదు. ఇంట్లో మనం వాడే కొలతే తీసుకోండి: పూట. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రోజుకి మూడు.

ఫ్లోరెన్స్‌కి శనివారం మధ్యాహ్నం చేరి బుధవారం పొద్దున వెనిస్ రైలెక్కుతున్నాం అనుకుందాం. సామాను మోసుకుంటూ గది వెతుక్కునే పూటని, సర్దుకుని బయల్దేరే పూటని లెక్కలో వెయ్యకండి. అప్పుడు శనివారం సాయంత్రం ఒకటి, ఆది సోమ మంగళవారాలవి తొమ్మిది, మొత్తం పది పూటలు.

ఇందులోంచి నాలుగు సాయంత్రాలు ముందే తీసి పక్కన పెట్టండి. అవి బస ఉన్న ఊరివి. దీని మీద నేను పట్టుదలగానే ఉంటాను. పగలు ఫ్లోరెన్స్ వీధుల్ని నింపేసే బస్సు గుంపుల్లో చాలామంది పొద్దువాలేసరికి వెళ్లిపోతారు. అప్పుడు నది అవతలి గుట్ట మీద పియాజ్జాలె మికెలాంజెలో అనే చౌకు మెట్ల మీద కూర్చుంటే, కింద ఆర్నో నది మీద పొంతె వెక్కియో వంతెన, కుడిపక్కగా పెద్ద గుడి (ఊరి ప్రధాన చర్చి) గుమ్మటం, ఒక్కొక్కటే వెలుగుతున్న దీపాలు. ఆ ఊళ్లో గది తీసుకున్నది దీనికోసం. రాత్రి తొమ్మిదింటికి వేరే ఊరి రైల్లో తూగుతూ ఉంటే ఆ గది అద్దె దండగ.

మిగిలినవి ఆరు పగటి పూటలు. ఊరికి తప్పనివి చూద్దాం. చిత్రాల మ్యూజియం ఉఫీజీకి ఒక పూట. పెద్ద గుడికి బ్రూనెలెస్కి కట్టి 1436లో పూర్తిచేసిన గుమ్మటం ఎక్కడానికి ఒక పూట, మెట్లు 463, లిఫ్టు లేదు. అకాడెమియా మ్యూజియంలో మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం, అక్కణ్ణుంచి మైకెలాంజెలో, గెలీలియో సమాధులున్న సాంతా క్రోచె చర్చి కలిపి ఒకటి. నది అవతల పిట్టీ ప్యాలెస్, దాని తోట, ఆ చుట్టుపక్కల సందులు ఒకటి. నాలుగయ్యాయి. మిగిలినవి రెండు.

అంటే పక్క ఊరికి ఒకే ఒక్క ప్రయాణం. ఆరు ఊళ్లలో నాలుగైదు కొట్టెయ్యాలని దిగులుపడకండి. కొట్టెయ్యడం నేర్చుకోవడమే ఈ పాఠంలో అసలు పని.

ఇక ఆ ప్రయాణం ఏ రోజు? సోమవారం. ఉఫీజీ, అకాడెమియా, పిట్టీ మూడింటికీ సోమవారం సెలవు. మొదటిసారి వెళ్లినప్పుడు మేం ఆదివారం పీసా చూసొచ్చి, సోమవారం పొద్దున్నే ఉఫీజీ తలుపుల ముందు నిలబడ్డాం. మంగళవారం తెల్లారి రైలు. బొత్తిచెల్లి గీసిన బొమ్మలు చూడాలని ఏళ్లుగా అనుకున్న మా అమ్మ ఆ మూసిన తలుపు కేసి ఏమీ అనకుండా చూసింది. తప్పు పూర్తిగా నాదే, సెలవు రోజు చూసుకోకుండా రోజులు పంచేశాను. అప్పట్నుంచీ ఏ ఊరైనా సరే, కాగితం మీద ముందు సెలవులు రాసుకుని ఆ తర్వాతే మిగతావి నింపుతున్నాను.

కాబట్టి ఆదివారం పొద్దున ఉఫీజీ. ఆ పూట పెద్ద గుడిలో ప్రార్థనలుంటాయి గనక గుమ్మటం మధ్యాహ్నానికి. మంగళవారం డేవిడ్, పిట్టీ. ఒక జాగ్రత్త: నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలకు టికెట్టు లేదు, జనం విపరీతం. మీ ఆదివారం అదే అయితే ఉఫీజీని మంగళవారానికి జరిపి, పిట్టీనో డేవిడ్‌నో వదులుకోండి.

ఏ ఊరు అన్నదానికి కొలత ఒకటుంది. రైలు సమయం కాదు, గడప నుంచి గడప దాకా లెక్కేయాలి. సియెనాకి బస్సు గంటంబావు అంటారు. గదిలోంచి బస్టాండుకి నడక, వరసలో నిలబడటం, దిగాక ఊరి నడిబొడ్డు చౌకు పియాజ్జా దెల్ కాంపోకి నడక, అన్నీ కలిపితే రెండు గంటలు. రానూ పోనూ నాలుగు. ఊళ్లో ఐదు గంటలు గడిపినా పొద్దున ఎనిమిదింటికి బయల్దేరితే ఐదింటికి గదిలో ఉంటాం. దారిలో పోయిన గంటల కన్నా ఊళ్లో గడిపినవి ఎక్కువ, సాయంత్రం దక్కింది. సరే. చింక్వే తెర్రెకి ఒకవైపే రైలు రెండున్నర గంటలు, అక్కడికెళ్లాక ఐదు పల్లెల మధ్య మళ్లీ రైళ్లు. ఈ కొలతకి నిలవదు. అంత ఇష్టమైతే అక్కడే ఒక రాత్రి ఉండాలి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే సియెనా కూడా వద్దంటాను. ఊరంతా ఎత్తుపల్లాలు. వాళ్లకి లూకా, పీసా కలిపి ఒక చుట్టు వెయ్యండి. పొద్దున ఫ్లోరెన్స్ నుంచి లూకాకి గంటా ఇరవై నిమిషాలు. ఊరి చుట్టూ కోటగోడ నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. గోడంటే సన్నటిది కాదు, పైన రెండు వరసల చెట్ల మధ్య జనం సైకిళ్లు తొక్కుతుంటారు. టికెట్టు లేదు, సోమవారం సెలవు లేదు. మధ్యాహ్నం అక్కణ్ణుంచి పీసాకి అరగంట. పెద్ద స్టేషన్ పీసా సెంత్రాలె దాకా పోకుండా పీసా సాన్ రొస్సోరె స్టేషన్లో దిగండి, 1173లో మొదలుపెట్టిన ఆ వాలుగోపురం అక్కడికి కొద్ది నిమిషాల నడకే. నాలుగు దాటాక వెళ్తే గుంపు పల్చబడుతుంది. తిరుగు ప్రయాణం మాత్రం సెంత్రాలె నుంచి, గంట.

ఈ ప్రాంతీయ రైళ్ల టికెట్టు ముందే కొననక్కర్లేదు, ఆ రోజు కొన్నా అదే ధర. కానీ కాగితం టికెట్టుని ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న చిన్న మిషన్లో పెట్టాలి. టక్కుమని చప్పుడై అంచు మీద తేదీ, సమయం పడతాయి. పడిందో లేదో కళ్లతో చూసుకోండి, ముద్ర లేకపోతే జరిమానా. స్టేషన్లో “షోపెరో” అన్న మాట కనబడితే అది సమ్మె. పనిరోజుల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రైళ్లు తప్పకుండా నడుపుతారు, వాటిని చూసుకుని కదలండి.

అభ్యాసం: రోమ్‌కి గురువారం మధ్యాహ్నం చేరి సోమవారం పొద్దున బయల్దేరతారు. వాటికన్ మ్యూజియాలు, కొలోసియం, ఫోరమ్, బొర్గేజె గ్యాలరీ తప్పవు. పక్క ఊళ్లు మూడు: ఓస్తియా ఆంతికా, ఓర్వియేతో, పోంపేయి. వాటికన్ మ్యూజియాలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసి ఉంటాయి. పోంపేయికి నేపుల్స్ దాకా వేగపు రైల్లో గంటా పది నిమిషాలు, అక్కడ మారి లోకల్ రైల్లో ఇంకో నలభై. గడప నుంచి గడపకి లెక్కగట్టి, పది పూటలూ గళ్లు గీసి నింపండి. నేను నింపిన కాగితం వచ్చే పాఠం మొదట్లో ఇస్తాను, మీదాంతో పోల్చుకుందురు.