పాత స్ప్లెండర్‌కి ఇంజిన్ మార్చాలంటే: వైజాగ్‌లో మొదటిసారి స్పానర్ పట్టేవాళ్ళకి

పాత బండికి ఇంజిన్ మార్చడం అనగానే అందరూ ఇంజిన్ దింపి ఎక్కించడం గురించే భయపడిపోతారు గాని అది ఒక పూట పని అండి, మన వైజాగ్‌లో అసలు టైమంతా తినేసేది తుప్పు పట్టిన బోల్టులు, ఆ తర్వాత కాగితాలు. ఈ రెండింటి దగ్గర ఓపిక పడితే కొత్తవాళ్ళు కూడా ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. నేను హీరో హోండా స్ప్లెండర్ గురించి చెప్తున్నా, 1994లో వచ్చిన 97.2 సీసీ బండి, నేర్చుకోడానికి ఇంతకన్నా మంచి బండి నాకైతే కనపడలేదు, స్పేర్లు ప్రతి సందులో దొరుకుతాయి, గాలికి చల్లబడే ఇంజిన్ కాబట్టి రేడియేటర్, నీళ్ళ పైపులు అన్న గొడవే లేదు, ఇంజిన్ని ఇద్దరు మనుషులు చేత్తో ఎత్తేయొచ్చు.

ముందు అసలు మార్చాలా అన్నది చూడండి. సైలెన్సర్లోంచి నీలం పొగ వస్తోంది, ఆయిల్ తగ్గిపోతోంది అంటే ఎక్కువసార్లు పిస్టన్ రింగులో, వాల్వు సీళ్ళో అయ్యుంటాయి, దానికి బోర్ కిట్ (సిలిండర్, పిస్టన్, రింగులు) వేసి హాఫ్ ఇంజిన్ పని, అంటే ఇంజిన్ పై సగం పని చేయిస్తే చాలు, ఇంజిన్ మొత్తం మార్చక్కర్లేదు. కింద క్రాంక్ (పిస్టన్ ఊపుని తిప్పుడుగా మార్చే ఇరుసు) బేరింగులు గట్టిగా మోగుతున్నా, గేర్లు పళ్ళు అరిగి జారిపోతున్నా, ఆ క్రాంక్‌ని, గేర్లని మూసి ఉంచే క్రాంక్ కేసు పగిలినా, వర్షాల్లో బండి మునిగి లోపల నీళ్ళతో నెలల తరబడి ఉండిపోయినా అప్పుడు వేరే ఇంజిన్ వేయడంలో అర్థం ఉంది.

పాత ఇంజిన్ కొనేటప్పుడు క్రాంక్ కేసు మీద నంబర్ స్పష్టంగా ఉండాలి, గీకినట్టు గాని మళ్ళీ కొట్టినట్టు గాని అనిపిస్తే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు, అది దొంగ బండిది అయితే మీరు ఇరుక్కుంటారు. గాజువాక ఆటోనగర్‌లో కొన్నా ఇంకెక్కడ కొన్నా బిల్లు, ఆ ఇంజిన్ ఏ బండిదో దాని ఆర్‌సీ కాపీ, అమ్మినాయన గుర్తింపు కార్డు కాపీ తీసుకోండి, ఇవి లేకపోతే తర్వాత ఆర్టీవో ఆఫీసులో పని ముందుకు కదలదు. ఇంజిన్ చూసేటప్పుడు కిక్ రాడ్ తగిలించి మెల్లగా తొక్కి చూడండి, ప్లగ్గు బిగించి ఉన్నప్పుడు గట్టిగా ఎదురు తన్నాలి, ఊరికే దిగిపోతే కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే బలం లేనట్టే. డ్రెయిన్ బోల్ట్ విప్పించి ఆయిల్ కొంచెం వేలి మీద వేసుకోండి, అందులో మెరుస్తున్న రజను కనిపించినా, పాల టీ రంగులో ఉన్నా వదిలేయండి. ఇంకోటి, అదే సీసీ కదా అని వేరే మోడల్ ఇంజిన్ అంటగడతారు, వైర్ల కప్లర్లు (వైర్లని కలిపే ప్లాస్టిక్ జాయింట్లు), బిగించే చోట్లు తేడా రావచ్చు, మొదటిసారి కాబట్టి మీ మోడలే, దగ్గర సంవత్సరానిదే వెతకండి.

ఇప్పుడు తుప్పు సంగతి, దీన్ని నేను వదల్లేను. లాసన్స్ బే, పెదజాలారిపేట, అప్పుఘర్ వైపు ఉన్న బళ్ళకి సముద్రం గాలి ఉప్పుతో బోల్టులు పెయింట్ కిందే తినేసి ఉంటాయి. పని ఆదివారం అనుకుంటే గురువారం నుంచే రోజూ సాయంత్రం ఇంజిన్ బోల్టులకి, సైలెన్సర్ నట్లకి, ఫుట్‌రెస్ట్ బోల్టులకి తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి, వైరు బ్రష్‌తో మరలు శుభ్రం చేయండి. విప్పేటప్పుడు రింగ్ స్పానర్ గాని బాక్స్ స్పానర్ గాని వాడండి, ఓపెన్ స్పానర్‌తో మొదలెడితే నట్టు మూలలు గుండ్రంగా అయిపోతాయి, ఆ తర్వాత ఏం పట్టదు. బిగుసుకుపోతే ఒకే వైపు బలం పెట్టొద్దు, కొంచెం బిగించి కొంచెం వదిలి, మళ్ళీ స్ప్రే కొట్టి, అలా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తీయాలి. అందరికన్నా మొండివి సైలెన్సర్ హెడ్ దగ్గర ఉండే చిన్న నట్లు, ఆ నట్లు ఎక్కే స్టడ్డు (తల లేని బోల్టు) ఇంజిన్ హెడ్లో విరిగిందంటే లేత్ షాపుకి మోసుకెళ్ళాలి. క్రాంక్ కేసు స్క్రూలకి మామూలు స్క్రూడ్రైవర్ కాకుండా సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ కొనుక్కోండి, పాత బండికి అది పెట్టుబడే.

దింపే రోజు బండిని డబుల్ స్టాండ్ మీద చదును నేల మీద పెట్టి ప్రతి వైపు నుంచి ఫోన్లో ఫోటోలు తీసుకోండి, ముఖ్యంగా వైర్లు, కేబుళ్ళు ఏ దారిలో వెళ్తున్నాయో. బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీయండి, పెట్రోల్ ట్యాప్ మూసి పైపు పీకి ట్యాంకు దూరంగా పెట్టండి, చుట్టుపక్కల బీడీ సిగరెట్ ఏదీ వద్దు. ఇంజిన్ గోరువెచ్చగా ఉండగా ఆయిల్ దింపి డబ్బాలో పట్టుకోండి, గెడ్డలో పోసీకండి దయచేసి, మన గెడ్డలన్నీ చివరికి సముద్రంలోకే వెళ్తాయి, పాత ఆయిల్ కొనేవాళ్ళు ఉన్నారు, మెకానిక్ షాపులో ఇస్తే చాలు.

తర్వాత సైలెన్సర్, క్లచ్ కేబుల్, ప్లగ్ క్యాప్, కార్బొరేటర్ విప్పండి. కార్బొరేటర్‌ని కేబుల్‌తోనే పక్కకి కట్టేయండి, మ్యానిఫోల్డ్ (కార్బొరేటర్‌ని ఇంజిన్‌కి కలిపే గొట్టం) కంతలో శుభ్రమైన గుడ్డ పెట్టండి, ఒక వాషర్ లోపల పడితే మొత్తం ఇంజిన్ విప్పాలి. గేర్ రాడ్ తీసే ముందు షాఫ్ట్ మీద రాడ్ మీద పెయింట్ చుక్క పెట్టుకోండి. ఇంజిన్ వైపు ఉండే స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ళ చక్రం) బోల్టులు చైన్ ఉండగానే, ఒకళ్ళు వెనక బ్రేక్ తొక్కి పట్టుకుంటే వదులవుతాయి, చైన్ తీసేసాక అయితే స్ప్రాకెట్ తిరిగిపోతూ చంపేస్తుంది. వైర్ల కప్లర్లని వైరు పట్టుకుని లాగొద్దు, కప్లర్ని పట్టుకునే విడదీయండి. ఫుట్‌రెస్ట్ అడ్డమొస్తే అది కూడా తీసేయండి. ఏ బోల్టు ఎక్కడిదో వేరే వేరే కవర్లలో వేసి పేరు రాయండి, పొడుగుల్లో తేడా ఉంటుంది, పొడుగు బోల్టు పొట్టి కంతలో బిగిస్తే కేసు పగులుతుంది.

ఇప్పుడు ఇంజిన్ కింద చెక్క దుంగ గాని పాత టైరు గాని పెట్టి బరువు దాని మీదకి రానివ్వండి, నట్లన్నీ ముందు వదులు చేసి, తర్వాత ఒక్కో పొడుగు బోల్టు లాగండి. లాగడానికి రాకపోతే బరువు ఇంకా బోల్టు మీదే ఉందన్నమాట, ఇంజిన్ కొంచెం ఎత్తితే అదే వచ్చేస్తుంది, సుత్తితో మరల మీద కొట్టకండి. ఇద్దరు ఉండాలి, ఒక్కళ్ళే చేస్తే వేళ్ళు నలుగుతాయి.

ఫ్రేము ఖాళీగా ఉన్న ఈ సమయం మళ్ళీ దొరకదు కాబట్టి తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, పైన పెయింట్ వేసి ఆరనివ్వండి. కొత్త ఇంజిన్ ఎక్కించేటప్పుడు అన్ని బోల్టులూ మరలకి కొంచెం గ్రీసు రాసి చేత్తోనే ఎక్కించండి, అన్నీ చోటుకి వచ్చాకే బిగించాలి, ఒకటి ముందే బిగిస్తే రెండోది కలవదు. సైలెన్సర్ ప్యాకింగ్, కార్బొరేటర్ దగ్గరి ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీలు) కొత్తవే వేయండి, పాతవి వేస్తే గాలి లాగి బండి ఐడిలింగ్‌లో నిలబడదు. 10 నంబర్ స్పానర్ పట్టే బోల్టులు 6 ఎంఎం మరలవే, వాటికి దాదాపు 10 న్యూటన్ మీటర్ల (టార్క్ రెంచ్ మీద కనపడే బిగింపు కొలత) బిగింపు చాలు, అల్యూమినియంలో మరలు పోవడానికి ఒక్క అదనపు తిప్పు చాలు.

ఆయిల్ 10డబ్ల్యూ-30 గ్రేడు, డబ్బా మీద జాసో ఎంఏ (బైక్ ఆయిల్ గుర్తు) అని ఉండాలి, క్లచ్ ఆయిల్లోనే తిరిగే బండి ఇది, కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు. స్టిక్‌తో లెవెల్ చూసేటప్పుడు దాన్ని మర తిప్పకుండా ఊరికే దించి చూడాలి. ప్లగ్గు తీసి చాలాసార్లు కిక్ కొట్టండి, ఆయిల్ పైదాకా చేరాలి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టి స్టార్ట్ చేయండి. రేసు చేయకండి, లీకులు చూడండి, క్లచ్ లివర్ చివర 10 నుంచి 20 ఎంఎం ఆట, చైన్‌కి 20 నుంచి 30 ఎంఎం వదులు ఉంచండి. మొదటి రోజు ఇంటి చుట్టూనే తిరగండి, ఇంజిన్ చల్లారాక బోల్టులన్నీ ఇంకోసారి చూడండి. కొత్త బోర్ కిట్ వేసిన ఇంజిన్ అయితే మొదటి 500 కిలోమీటర్లు సింహాచలం ఘాటు, కైలాసగిరి ఎక్కించొద్దు, భీమిలి రోడ్డులో థ్రాటిల్ మారుస్తూ మెల్లగా తిప్పండి.

కాగితాలు వాయిదా వేయకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజిన్ మార్చిన 14 రోజుల్లోపు ఆర్టీవోకి చెప్పి ఆర్‌సీలో కొత్త నంబర్ ఎక్కించుకోవాలి, మాధవధార ఆఫీసుకి వెళ్ళే ముందే ఏ కాగితాలు కావాలో కనుక్కోండి, ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా రాతపూర్వకంగా తెలపండి, నంబర్ కలవకపోతే రేపు క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు. బండి చూపించే రోజు ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ మీద గ్రీసు తుడిచి కనపడేలా పెట్టండి. ఇదంతా పూర్తయ్యేదాకా పాత ఇంజిన్ని పాత సామానోడికి ఇవ్వకుండా ఉంచండి, దాని కార్బొరేటర్ మ్యానిఫోల్డ్, మాగ్నెట్ కాయిల్, కవర్లు రేపు పనికొస్తాయి.